పీడీఎఫ్ వాగ్దానము, కార్యాలయపు ప్రింటరు

అడోబీ సంస్థను 1982లో స్థాపించిన ఇద్దరిలో ఒకరైన జాన్ వార్నాక్ 1991లో కొద్ది పుటల వ్యాసమొకటి వ్రాసిరి. దానిపేరు ‘కామెలాట్ ప్రణాళిక’. ఆర్థరు రాజు కథలలోని నగరము పేరది. నేడు ప్రపంచమంతట వాడుకలోనున్న పీడీఎఫ్ పత్రమునకు ఆ వ్యాసమే మూలము. ఇంత చిన్న రచన ఇంత పెద్ద ఫలితము నిచ్చుట సాంకేతిక చరిత్రలో అరుదు. అందుచేతనే కాబోలు, దానిని ప్రశంసించువారు పెక్కురు, పరీక్షించువారు తక్కువ.

వార్నాక్ చెప్పిన సమస్య యిది. ఒక కార్యాలయములో ఒక తయారీవారి కంప్యూటరు, మరియొక కార్యాలయములో వేరొకరి కంప్యూటరు ఉండును. ఒకచోట తయారైన పత్రము రెండవచోటికి చేరునప్పటికి దాని రూపము చెడును. అక్షరములను మాత్రము పంపినచో పట్టికలు, బొమ్మలు, గీతలు పోవును. ఫ్యాక్సులో పంపినచో రూపము కొంత మిగులును గాని అది చుక్కల గుంపు మాత్రమే, నాణ్యము తక్కువ. అడోబీవారే తయారుచేసిన పోస్ట్‌స్క్రిప్టు భాష పుటను సంపూర్ణముగ వర్ణింపగలదు గాని, దానిని తెరపై నడుపుటకు ఆనాటి సామాన్య కంప్యూటరులకు శక్తి చాలదు. కనుక పోస్ట్‌స్క్రిప్టు గుణములన్నియు ఉండి, దాని బరువు లేని క్రొత్త పత్రరూపము కావలెను. అట్టి పత్రమును ఏ యంత్రముమీదనైన చూడవచ్చును. కావలసినదానిని ఉన్నచోటనే అచ్చువేసికొనవచ్చును. పత్రములను ఒక కేంద్రమున భద్రపరచి, దూరమునుండి ఏరుకొని ముద్రించుకొనవచ్చును. అచ్చుకాగితములను నిలువచేయు ఖర్చు మిగులును. ఇదీ ఆ వ్యాసము చేసిన వాగ్దానము.

ఇందులో రెండు మాటలున్నవి: ఎక్కడనైన చూచుట, ఎక్కడనైన ముద్రించుట. మొదటి మాట నెరవేరినది. 1993లో మొదటి రూపము వెలువడిన పీడీఎఫ్, 2008లో ఐఎస్‌ఓ 32000 అను అంతర్జాతీయ ప్రమాణమయ్యెను. విద్యార్థి తన పరీక్షాఫలితమును చేతిలోని ఫోనులో చూచుచున్నాడన్నచో అది ఈ మాట నెరవేరుటవలననే. రెండవ మాట సంగతి అంత తేటగా లేదు. సామాన్యముగ ఇంటి కంప్యూటరులో ఒక మీట నొక్కగనే పత్రము అచ్చగుచున్నది గదా యని ఎవరైన అడుగవచ్చును. అచట పత్రమును చదివి, దానిని ప్రింటరునకు తెలిసిన భాషలోనికి మార్చు ప్రోగ్రాము మధ్యలోనుండి పని యంతయు చేయుచున్నది. ఆ మధ్యవర్తి లేనిచోట ఏమగునో చూచినగాని వాగ్దానము విలువ తెలియదు. అట్టి చోటు వ్యాపారసంస్థల మధ్యశ్రేణి కంప్యూటరు.

అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రమున రాచెస్టరు పట్టణములో ఐబీఎం సంస్థవారు తీర్చిన ‘ఏఎస్/400’ ఈ జాతికి ప్రసిద్ధమైన ఉదాహరణ. అది 1988 జూన్ 21న ప్రకటింపబడినది. తరువాత దానికి ఐసిరీస్, సిస్టమ్ ఐ మొదలగు పేర్లు పెట్టిరి. 2008 నుండి దాని నిర్వహణవ్యవస్థ ‘ఐబీఎం ఐ’ అను పేరుతో పవర్ జాతి యంత్రములపై నడచుచున్నది. పేర్లు మారినంతగా లోపలి పద్ధతులు మారలేదు. అది యజమానులకు ఇష్టమైన గుణమే. ముప్పది యేండ్ల క్రిందట వ్రాసిన జీతములపట్టిక ప్రోగ్రాము నేటికిని అందులో నడచును. కొనుగోలుపత్రములు, సరుకు చీటీలు, జీతపుచీటీలు, బ్యాంకు లెక్కలు — ఇట్టివి దాని పని. ఇట్టి యంత్రము ముందర కూర్చుండి మీట నొక్కువాడెవ్వడును ఉండడు. రాత్రి రెండుగంటలకు ఒక ప్రోగ్రాము తనంత తానుగ నాలుగువందల చీటీలు తయారుచేయును. తెల్లవారునప్పటికి అవి గిడ్డంగిలోని ప్రింటరులో సిద్ధముగ ఉండవలెను.

ఈ యంత్రమునకు తెలిసిన పాతపద్ధతి ముద్రణ ఎట్టిదో మొదట గ్రహింపవలెను. వెడల్పైన మడతకాగితముపై వరుసకు 132 అక్షరములు, పుటకు 66 వరుసలు ఉండును. అనగా పుట నిండ అక్షరములున్నను 8,712 మాత్రమే. కంప్యూటరు పంపునది అక్షరముల సంకేతములు, వాని నడుమ ‘క్రొత్త వరుసకు పొమ్ము’, ‘క్రొత్త పుటకు పొమ్ము’ అను ఆజ్ఞలు. ఈ ధారకు ఎస్‌సీఎస్ అని పేరు. అక్షరముల ఆకారము ప్రింటరులోనే ఉండును. కంప్యూటరు దానిని పంపదు. ప్రోగ్రాము తయారుచేసిన ధార నేరుగా ప్రింటరుకు పోదు. అది స్పూలు ఫైలుగా మారి ఒక వరుసలో నిలుచును. ‘రైటరు’ అను వేరొక ప్రోగ్రాము వరుసలోనుండి ఒక్కొక్క ఫైలును తీసి ప్రింటరుకు అందించును. ఆపవచ్చును, ముందుకు జరుపవచ్చును, ఫలానా పుటనుండి మరల అచ్చువేయుమని చెప్పవచ్చును. ఈ స్పూలు ఏర్పాటు ఆ యంత్రము గొప్పతనములలో ఒకటి. దీని సౌకర్యము తెలిసినవారు వేరు యంత్రములలోని ముద్రణవ్యవస్థను చూచి పెదవి విరుతురు. వారిని తప్పుపట్టుటకు వీలులేదు.

ఇప్పుడు పుటను చుక్కలుగా లెక్కింతము. ఏ4 కాగితము 8.27 అంగుళముల వెడల్పు, 11.69 అంగుళముల పొడవు. అంగుళమునకు 600 చుక్కలు వేయు ప్రింటరులో ఆ పుటకు సుమారు 4,960 చుక్కల వెడల్పు, 7,016 చుక్కల పొడవు. మొత్తము సుమారు 3 కోట్ల 48 లక్షల చుక్కలు. చుక్కకు ఒక్క బిట్టు చొప్పున 43 లక్షల 50 వేల బైట్లు. పాతపద్ధతిలో తొమ్మిదివేల బైట్లకు లోబడిన పుట, చుక్కలుగా మారునప్పటికి దాదాపు అయిదువందల రెట్లు అగుచున్నది. అక్షరములనుండి చుక్కలకు పోవు ఈ విస్తరణము ఎచట జరుగవలెను, కంప్యూటరులోనా, ప్రింటరులోనా, నడుమ వేరొక యంత్రములోనా? ముద్రణ సమస్య యంతయు ఈ ప్రశ్నలో ఇమిడియున్నది. కామెలాట్ వ్యాసము ఈ ప్రశ్నను అడుగలేదు.

అడుగకపోవుటకు కారణమున్నది. వార్నాక్ అనుభవములో ప్రింటరు తెలివిగల యంత్రము. 1985లో ఆపిల్ సంస్థవారు అమ్మిన లేజర్‌రైటరు పోస్ట్‌స్క్రిప్టును తానే చదివి చుక్కలుగా మార్చుకొనెడిది. అందులోని ప్రాసెసరు, దానికి తగిలించిన మాకింటాషులోని దానికంటె వేగమైనది. దాని వెల 6,995 డాలర్లు. కాని సామాన్య కార్యాలయములలో వ్యాపించినది హ్యూలెట్-పాకర్డువారి పీసీఎల్ అను తేలిక భాష మాట్లాడు చవుక ప్రింటరు. అది పుటను వర్ణించు భాషను అర్థము చేసికొనదు. ‘ఇచట ఈ అక్షరము, అచట ఈ చుక్కలు’ అని చెప్పినచో చేయును. వార్నాక్ కండ్లయెదుట ఉన్నది రాజాస్థానపు చిత్రకారుడు. లోకములో ఎక్కువమంది ఉన్నది గోడకు సున్నము కొట్టువారు.

పీడీఎఫ్ పుట్టిన తీరును చూచినచో ఈ చిక్కు ఇంకను విశదమగును. పోస్ట్‌స్క్రిప్టు నిజముగ ఒక ప్రోగ్రామింగు భాష. ‘పదమూడు చొప్పున కూడుచు ఇరువదిమారులు గీత గీయుము’ అని అందులో వ్రాయవచ్చును. యంత్రము ప్రతిమారును కూడి, గీయును. వార్నాక్ చేసిన యుక్తి యేమనగా, గీయుము, వ్రాయుము అను ఆజ్ఞల అర్థమును తాత్కాలికముగ మార్చి, గీయుటకు బదులు ‘ఇచటినుండి ఇచటికి గీత’ అని ఫలితమును ఫైలులో వ్రాయునట్లు చేయుట. అప్పుడు ప్రోగ్రాము ఒక్కసారి నడచునప్పటికి లెక్కలన్నియు తీరిపోయి ఇరువది గీతల స్థానములు మిగులును. బట్టీపెట్టి సారము దించినట్లు ఉండుటచే ఈ పని చేయు ప్రోగ్రామునకు ‘డిస్టిలరు’ అని పేరిడిరి. పదమూడవ ఎక్కము సూత్రము తెలిసియుండుటకును, ఇరువది వరుసలు వ్రాసియున్న ఎక్కాలపుస్తకమునకును గల భేదమే పోస్ట్‌స్క్రిప్టునకు పీడీఎఫ్‌కు గల భేదము. ఎక్కాలపుస్తకములో పదునేడవ వరుస కావలెనన్నచో నేరుగ అచటికి పోవచ్చును. అట్లే పీడీఎఫ్‌లో నూరవపుట కావలెనన్నచో తక్కిన తొంబదితొమ్మిది పుటల లెక్కలు చేయనక్కరలేదు. ఇది చక్కని ఊహ. ఇందు విమర్శించుటకేమియు లేదు.

కాని నేరుగ నూరవపుటకు పోవలెనన్నచో అది ఫైలులో ఎచటనున్నదో తెలియవలెను. అందుకొరకు పీడీఎఫ్‌లో ఒక సూచిక కలదు. ప్రతి భాగము ఫైలు మొదటినుండి ఎన్నవ బైటువద్ద ఆరంభమగునో అందు పది అంకెలలో వ్రాసియుండును. ఈ సూచిక ఫైలు చివరనుండును. ఉపాధ్యాయులు తరగతిలో ఒక చిన్న పీడీఎఫ్‌ను సాదా అక్షరముల ఎడిటరులో తెరచి చూపవచ్చును. మొదటి వరుసలో శాతపు గుర్తు, దానివెంట పీడీఎఫ్ అను మూడక్షరములు, రూపసంఖ్య కనబడును. చివర ‘స్టార్ట్ ఎక్స్‌రెఫ్’ అను మాట, దాని క్రింద ఒక అంకె, ఆ క్రింద ఫైలు ముగిసినదను గుర్తు ఉండును. ఆ అంకెయే సూచిక ఉన్నచోటు. (2003లో వచ్చిన 1.5వ రూపమునుండి సూచికను కుదించి దాచుటకు వీలు కలిగినది. కావున పాతరూపపు ఫైలైనచో పాఠమునకు మేలు.) చదువు ప్రోగ్రాము మొదట చివరకు పోయి ఆ అంకెను చూచి, వెనుకకు వచ్చి సూచికను చదివి, తరువాత మొదటి పుటకు పోవును.

డిస్కుమీదనున్న ఫైలునకు ఈ పద్ధతి సుఖము. ప్రింటరునకు వచ్చునది ఫైలు కాదు, ధార. కాలువలో నీరు వచ్చినట్లు బైట్లు ఒకదానివెంట ఒకటి వచ్చును. ఎస్‌సీఎస్‌లో మొదటి వరుస చేరగనే ప్రింటరు దానిని అచ్చువేయగలదు. పీడీఎఫ్‌లో చివరి బైటు చేరువరకు మొదటి పుట ఎచటనున్నదో తెలియదు. ఫైలునంతయు ముందు నిలువచేసికొనవలెను. నూరుపుటల బొమ్మలపత్రమైనచో ప్రింటరు మెమరీ చాలకపోవచ్చును. 1996లో వచ్చిన 1.2వ రూపములో మొదటి పుటకు కావలసిన వివరములను ఫైలు మొదట ఉంచు ఏర్పాటొకటి చేసిరి గాని, అది నెట్‌వర్కుపై పత్రమును చూచువానికొరకు చేసినది, ప్రింటరుకొరకు కాదు. ఇచటకూడ చూచువాని సౌకర్యమే ముందు వచ్చినది.

ఇక ఐబీఎం యంత్రమువైపునుండి వచ్చు చిక్కు మరియొకటి. లోకములో ఎక్కువ కంప్యూటరులు ఆస్కీ సంకేతములను వాడగా, ఈ యంత్రము ఎబ్సిడిక్ అను వేరు సంకేతములను వాడును. ‘ఏ’ అను ఆంగ్ల పెద్దక్షరమునకు ఆస్కీలో 65, ఎబ్సిడిక్‌లో 193. అందుచేత ఆస్కీ ప్రింటరునకు పంపుటకు ముందు ధారను మార్చవలెను. ఈ పనిని ‘హోస్ట్ ప్రింట్ ట్రాన్స్‌ఫార్మ్’ అను భాగము చేయును. అది ఎస్‌సీఎస్‌ను, ఏఎఫ్‌పీ అను పుటవర్ణనను తీసికొని పీసీఎల్ వంటి ప్రింటరు భాషలోనికి మార్చును. దాని కాలమునకు అది మంచి ఏర్పాటు. కాని పీడీఎఫ్ దానికి తెలిసిన భాష కాదు. పీడీఎఫ్ బైట్లను సాదా ఎబ్సిడిక్ అక్షరములని యెంచినచో ఏమగును? పీడీఎఫ్ ఫైలులోని మొట్టమొదటి గుర్తు శాతపు గుర్తు. దాని ఆస్కీ సంఖ్య 37. ఎబ్సిడిక్‌లో 37 అనగా అక్షరమే కాదు, ‘ఒక వరుస క్రిందికి దిగుము’ అను ఆజ్ఞ! పత్రము తన పేరు చెప్పుకొనుటకు నోరు తెరువగనే యంత్రము కాగితమును ఒక వరుస జరుపును. దాని తరువాతి ‘పి’ అక్షరము 80. ఎబ్సిడిక్‌లో అది ‘మరియు’ అను అర్థమిచ్చు గుర్తు. అటుపిమ్మట వచ్చునదంతయు చెత్త. బైట్ల సంఖ్య ఒక్కటి మారినను చివరి సూచికలోని స్థానములు తప్పును. ఎఫ్‌టీపీ ద్వారా పీడీఎఫ్‌ను కదలించునప్పుడు ‘బైనరీ’ పద్ధతినే వాడవలెనని అనుభవజ్ఞులు పట్టుపట్టుట ఇందుకే.

దీనికి మందు కలదు. స్పూలు ఫైలునకు ‘యూజర్ ఆస్కీ’ అను జాతి నిర్ణయించినచో, యంత్రము లోపలి బైట్లను ముట్టక ఉన్నవి ఉన్నట్లు పంపును. అవతలి ప్రింటరునకు పీడీఎఫ్ నేరుగ చదువు శక్తి ఉన్నచో కథ సుఖాంతము. ఆ శక్తి లేనిచో ప్రింటరు ఆ బైట్లను సాదా అక్షరములనుకొని, పుటల తరబడి అర్థములేని గుర్తులను ముద్రించును. ఇట్టి కాగితపు గుట్టను ఒక్కసారియైన చూడని కంప్యూటరు నిర్వాహకుడు అరుదు.

పోస్ట్‌స్క్రిప్టు తెలిసిన ప్రింటరునకు పీడీఎఫ్ తెలిసియే యుండునని కొందరు భ్రమపడుదురు. బంధుత్వమున్నను రెండును వేరు భాషలు. పైగా 2001లో వచ్చిన 1.4వ రూపమునుండి పీడీఎఫ్‌లో పారదర్శకవర్ణములు చేరినవి. ఒక బొమ్మమీదుగా మరియొకటి గాజుపలకవలె కనబడవచ్చును. పోస్ట్‌స్క్రిప్టులో ఆ భావమే లేదు. కనుక మార్చునప్పుడు ఆ గాజుపలకల నన్నిటిని ఒకే పొరగా అణచవలెను. చీటీ మూలనున్న సంస్థ ముద్రకు నీడ పెట్టిన పాపమునకు, ముద్రణ పదింతలు ఆలస్యమగుట వింత కాదు.

ప్రింటరునకు శక్తి లేనప్పుడు మధ్యవర్తి కావలెను. అది ఘోస్ట్‌స్క్రిప్టు వంటి ప్రోగ్రాము కావచ్చును. 1988లో పీటర్ డాయిచ్ మొదట విడుదలచేసిన ఈ ప్రోగ్రాము పోస్ట్‌స్క్రిప్టుతోబాటు పీడీఎఫ్‌ను చదివి చుక్కలుగానో వేరు భాషగానో మార్చును. దానిని ప్రక్కనున్న చిన్న సర్వరులో ఉంచి, పెద్ద యంత్రము పత్రమును దానికి పంపుట ఒక మార్గము. ఐబీఎంవారు వేరు ఉత్పత్తిగ ఇచ్చిన ‘ఇన్ఫోప్రింట్ సర్వరు’లో పీడీఎఫ్‌ను ఏఎఫ్‌పీగా మార్చు సాధనములుండెను, అది మరియొక మార్గము. ఏ మార్గమైనను వార్నాక్ చెప్పిన ‘ఉన్నచోటనే ముద్రణ’ ఇప్పుడు మూడు యంత్రముల వ్యవహారమైనది. మూడింటిలో ఏది ఆగినను చీటీ రాదు.

ఇచట ఐబీఎంవారిని ప్రత్యేకముగ విమర్శింపవలసిన అంశమొకటి కలదు. 2008లో వచ్చిన 6.1వ రూపమునుండి ‘ట్రాన్స్‌ఫార్మ్ సర్వీసెస్’ అను భాగముతో స్పూలు ఫైలును పీడీఎఫ్‌గా మార్చు వసతి కల్పించిరి. ఒక్క ఆజ్ఞతో పాత జీతపుచీటీ పీడీఎఫ్‌గా బయటికి వచ్చును, ఈమెయిలులో పంపవచ్చును. మేలైన పని. కాని త్రోవ ఒకవైపే వేసిరి. తన యింటినుండి పీడీఎఫ్‌ను బయటికి పంపగల యంత్రము, బయటినుండి వచ్చిన పీడీఎఫ్‌ను చదివి సామాన్య ప్రింటరుకు తగినట్లు మార్చుటను తన ట్రాన్స్‌ఫార్మ్‌లో చేర్చుకొనలేదు. వ్యాపారములో రెండును కావలెను: సరఫరాదారుడు పంపిన పరీక్షాపత్రము, రవాణాసంస్థ పంపిన చిరునామా చీటీ పీడీఎఫ్‌లుగానే వచ్చును, వానిని సరుకుతోబాటు ముద్రింపవలెను. దీనికి తోడు మరియొక వింత పని కొన్నిచోట్ల జరుగుచున్నది. సాదా అక్షరముల స్పూలు ఫైలును పీడీఎఫ్‌గా మార్చి, ఆ పీడీఎఫ్‌ను మరల పీసీఎల్‌గా మార్చి ముద్రింతురు. ట్రాన్స్‌ఫార్మ్ ఒక్క అడుగులో చేయగల పనికి రెండడుగులు, నడుమ సర్వరు. బియ్యమును పిండిచేసి, ఆ పిండితో మరల బియ్యపుగింజలు చేయబూనినట్లున్నది.

ఇంతవరకు చెప్పినవి భాష తెలియకపోవుటవలని చిక్కులు. వీనికంటె లోతైనది మరియొకటి కలదు: పుట నిజముగ అచ్చయినదని ఎవరికి తెలియును?

ఐబీఎంవారి ఐపీడీఎస్ అను పద్ధతిలో కంప్యూటరునకు ప్రింటరునకు సంభాషణ జరుగును. కంప్యూటరు పుటను పంపును. ఆ పుట కాగితముపై ఎక్కి బయటి తట్టలో పడినపిమ్మట ప్రింటరు లెక్క చెప్పును. ఆ జవాబు వచ్చువరకు కంప్యూటరు ఆ పుటను మరువదు. నాలుగువందల జీతపుచీటీలలో 137వదానివద్ద కాగితము ఇరుకుకొన్నదనుకొందము. తట్టలో పడినవి 136 అని లెక్క తెలిసియుండుటచే, ఇరుకు తీసినపిమ్మట 137వ చీటీ మరల వచ్చును. 138వది రెండుమారులు రాదు. చెక్కులు ముద్రించుచోట ఇది సౌకర్యము కాదు, ధర్మము.

పీడీఎఫ్‌ను ధారగా పంపు మార్గములలో ఈ సంభాషణ లేదు. 1990లో ప్రచురింపబడిన ఎల్‌పీడీ నియమావళి ప్రకారము అవతలివాడు ‘ఫైలు చేరినది’ అని మాత్రము జవాబిచ్చును. 9100 అను ద్వారసంఖ్యతో నేరుగ పంపు మార్గములో అదియు లేదు; బైట్లు చేరినవని నెట్‌వర్కు చెప్పును, అంతే. చేరుట వేరు, అచ్చగుట వేరు. 137వ పుటవద్ద ప్రింటరు నిలిచినప్పటికే కంప్యూటరు 400 పుటలును పంపివేసి, స్పూలు ఫైలును వరుసనుండి తీసివేసి, పని పూర్తియైనదని వ్రాసికొనియుండును. మంచి ప్రింటరైనచో ఇరుకు తీయగనే తన మెమరీలోని పుటను తానే మరల వేయును. విద్యుత్తు పోయినచో ఆ మెమరీయు పోవును. అప్పుడు గిడ్డంగి గుమస్తా చీటీలను చేతితో లెక్కింపవలెను. ‘137నుండి మరల వేయుము’ అని స్పూలునకు చెప్పుదమన్నను వీలుపడదు. యూజర్ ఆస్కీ ఫైలు లోపలికి యంత్రము చూడదు. అందెన్ని పుటలున్నవో దానికి తెలియదు. తెరపై చూపుమన్నను చూపలేదు. ఆ యంత్రము గొప్పతనమని చెప్పిన స్పూలు, పీడీఎఫ్ చేతికి వచ్చునప్పటికి కట్టు విప్పని మూటలను మోయు కూలిగా మారినది.

న్యాయముగ చెప్పవలెనన్నచో ఐబీఎంవారు దీనికి కొంత ఉపాయము చేసిరి. ప్రింటరును దూరపు వరుసగా గాక ఒక ఉపకరణముగా నిర్వచించి, హ్యూలెట్-పాకర్డువారి పీజేఎల్ భాషతోనో, ఎస్‌ఎన్‌ఎంపీ పద్ధతితోనో దాని స్థితిని అడుగు డ్రైవరులను సమకూర్చిరి. కాగితము అయిపోయినది, మూత తెరచియున్నది అను వార్తలు వచ్చును. (అట్టి ప్రింటరు ఏ కంపెనీదైనను దానిని ‘3812’ అను పాత ఐబీఎం ప్రింటరు సంఖ్యతోనే నమోదుచేయవలెను. నిన్న కొన్న యంత్రము తాతగారి పేరుతో చలామణి యగుట అచట వాడుక.) ఐనను ఇది స్థితిని అడుగుట మాత్రమే, పుటపుటకు లెక్క ఒప్పజెప్పుటకు సమానము కాదు. ఐపీడీఎస్ ఉన్న ప్రింటరునకు వెల యెక్కువ. కార్యాలయపు సామాన్య ప్రింటరులలో అది సాధారణముగ వేరుగ కొనవలసిన భాగము. వెలను తగ్గించుకొనుటకు లెక్కను వదలుకొనుచున్నామని తెలిసి వదలుకొనుట ఒకటి, తెలియక వదలుకొనుట వేరు.

ఎన్ని ప్రతులు, కాగితమునకు రెండువైపుల వేయవలెనా, రంగుకాగితపు అర ఏది అను విషయములు పాతపద్ధతిలో స్పూలు ఫైలుతోబాటే పోవును. పీడీఎఫ్ పుట రూపమును చెప్పునుగాని పని ఎట్లు చేయవలెనో చెప్పదు. 1.7వ రూపములో ప్రతుల సంఖ్య, రెండువైపుల ముద్రణ అను సూచనలు చేరినను, అవి పత్రమును తెరపై చూపు ప్రోగ్రామునకు చెప్పినవి. కనుక పీడీఎఫ్‌కు ముందు వెనుకల పీజేఎల్ ఆజ్ఞలను అతికించి పంపుట రివాజైనది. అతుకుపనియే యైనను పని జరుగును.

తెలుగువారి దృష్టితో చూచినచో పీడీఎఫ్ పక్షమున బలమైన సాక్ష్యము కలదు. దానిని చెప్పకుండుట అన్యాయము. ఎస్‌సీఎస్ పద్ధతిలో అక్షరాకారము ప్రింటరులో ఉండవలెనంటిమి. తెలుగు ఆకారములు లేని ప్రింటరు ఎన్నటికిని తెలుగు ముద్రింపలేదు. పైగా మన లిపిలో అక్షరము క్రింద వత్తు, పైన గుడి, ప్రక్కన కొమ్ము చేరును. వరుసకు 132 గళ్లని కొలిచిన పద్ధతికి ‘స్త్రీ’ అను ఒక్క అక్షరమే లొంగదు. పీడీఎఫ్ అక్షరాకారములను తనతోనే మోసికొనిపోవును. కావున తెలుగు ముఖమెరుగని ప్రింటరులోనైనను చీటీ చక్కని తెలుగులో వచ్చును. ఈ ఒక్క గుణమునకే దాని తప్పులు కొన్నిటిని క్షమింపవచ్చును.

ఐతే పీడీఎఫ్ భద్రముగ మోయునది ఆకారమును, అక్షరమును కాదు. ‘ఈ ఆకారము ఫలానా యూనికోడు అక్షరము’ అని చెప్పు పట్టిక ఫైలులో ఉండుట తప్పనిసరి కాదు. అది లేనిచో, లేక పత్రమును పాత డీటీపీ అక్షరరూపములతో తయారుచేసినచో, కంటికి తెలుగుగా కనబడునది నకలు తీసి అతికించునప్పటికి ఆంగ్లాక్షరముల కిచిడీ యగును. పట్టిక ఉన్నప్పుడు సైతము వత్తులు, గుణింతములు స్థానము తప్పుట కలదు. ముద్రించి చేతికిచ్చుటకు ఇది అడ్డు కాదు. పది సంవత్సరముల తరువాత ఆ పత్రములలో ఒక పేరును వెదకువానికి అడ్డు. దీర్ఘకాలము భద్రపరచుటకు 2005లో ఏర్పరచిన పీడీఎఫ్/ఏ ప్రమాణములో అక్షరాకారములు ఫైలులో ఉండితీరవలెనన్నారు. కాని అందలి కనీసపు స్థాయికి పునరుత్పాదిత రూపము చాలును. యూనికోడు పట్టికను పైస్థాయి మాత్రమే కోరును. చూపునకు పెద్దపీట వేయు వార్నాక్ దృష్టి ఇక్కడను కొనసాగినది.

ప్రింటరును ముందుగా అడిగి తెలిసికొను పద్ధతి లేకపోలేదు. 1999లో మొదట ప్రచురింపబడిన ఐపీపీ అను నియమావళి ప్రకారము ‘నీకే పత్రరూపములు తెలియును?’ అని ప్రింటరును అడుగవచ్చును. పీడీఎఫ్ తెలిసినచో అది ఆ జాబితాలో చెప్పును. ప్రతులు, రెండువైపుల ముద్రణ, అర అనువానిని పత్రముతో కలుపక వేరుగ చెప్పవచ్చును. పని నడచుచుండగ ఎన్ని కాగితములు పూర్తియైనవని అడుగుటకును అందు స్థానమున్నది. ఐబీఎం ఐలో దీనికి డ్రైవరు కలదు. కాని పూర్తియైన కాగితముల లెక్కను చెప్పి తీరవలెనని నియమావళి ప్రింటరును నిర్బంధింపలేదు. దానిని తయారీవారి యిష్టమునకు వదలినది. కావున క్రొత్త ప్రింటరును కొనునప్పుడు దాని వివరపత్రములో ‘పీడీఎఫ్’ అను మాట ఉన్నదా యని మాత్రమే చూచినచో చాలదు. నాలుగువందల పుటల పత్రమొకటి పంపి, నడుమ కాగితపు అరను బయటికి లాగి, ఎన్ని పుటలు పూర్తియైనవని కంప్యూటరునుండి అడిగి చూడవలెను.